చప్పిడి కూడు

సూట్‌కేసు అరుగు మీద పెట్టింది కూర్మమ్మే. పెట్టి ఊరుకోలేదు. ఎవరైనా దాన్ని మళ్ళీ లోపలికి పట్టుకుపోతారేమోనని దాని పక్కనే కాళ్ళు బారజాపుకుని కూర్చుంది.

"మీ అయ్యకి ఫోను సేసినాను. సీపురుపల్లిలో రైలెక్కినాడంట. వచ్చేక ఆడితో ఎల్లిపో," అంది, కోడలి మొహం చూడకుండానే.

హేమ గుమ్మం పట్టుకుని నిలబడింది. ఈ ఇంటికి కోడలిగా వచ్చి పద్నాలుగు నెలలు. ఇంతవరకూ అత్తతో మాటా మాటా అనుకున్న రోజులున్నాయి గానీ, సామాను బైటికి వచ్చిన రోజు లేదు.

"నేను ఉప్పు వెయ్యలేదత్తా."

"ఎయ్యలేదు."

"ఒట్టు."

"ఒట్లు నాకాడ ఎట్టకు. నీ ఒట్టుకి ఆ మనిషి కాళ్ళ వాపు తగ్గిపోతాదేటి?"

ఆ మనిషి నూకయ్య, కూర్మమ్మ భర్త. అయిదు రోజుల కిందట కాళ్ళు వాచి, ఆయాసంతో మంచం మీద కూర్చోలేక పడుకోలేక అల్లాడిపోతే శ్రీకాకుళం ఆసుపత్రిలో చేర్చారు. ఒంట్లో నీరు చేరింది. కిడ్నీలు సగమే పనిచేస్తున్నాయి, ఉప్పు ముట్టుకోవద్దని డాక్టరు నాలుగు నెలల కిందటే చెప్పాడు. అప్పటినుంచీ ఆయనకి వేరే గిన్నె, వేరే గరిటె, చప్పిడి కూడు. వండేది హేమ.

నిన్న డాక్టరు, హేమ భర్త ధనరాజుని పక్కకి పిలిచి, "మందులు పనిచెయ్యట్లేదు. ఉప్పు ఎక్కణ్ణించో లోపలికి పోతోంది. ఇంట్లో ఎవరు పెడుతున్నారో కనుక్కో," అన్నాడు. ధనరాజు అదే మాట ఫోనులో తల్లికి చేరేశాడు. ఇంకేముంది, ఆసుపత్రికి వెళ్ళే కూడు కూడా ఇంటిదే, గిన్నె ఒకటే, వండే చెయ్యి ఒకటే. హత్య చేసినవాణ్ణి కూడా కోర్టులో ఒక మాట అడుగుతారు. కూర్మమ్మ ఆ పాటి కూడా అడగలేదు. రాత్రే చీరలు మడతపెట్టేసింది.

"ఆయన అడిగినాడేమో, నువ్వు జాలిపడి ఏసినావేమో. సెప్పీ. జాలికి ఏసినానంటే నాను కొట్టను," అంది ఇప్పుడు.

"అడిగాడు. రెండుసార్లు అడిగాడు. చిటికెడు వెయ్యి తల్లీ అన్నాడు. నేను వెయ్యలేదు. నా కళ్ళంట నీళ్ళొచ్చాయి గానీ వెయ్యలేదు."

"మరి ఉప్పు రెక్కలొచ్చి ఎల్లినాదా ఆయన కడుపులోకి?"

అదే తేల్చుకోవాలని హేమకీ ఉంది. పొద్దున్నే గోపీకి ఫోను చేసింది అందుకే. గోపి పైపుల పనివాడు, ధనరాజు స్నేహితుడు. వాడి బండి చప్పుడు వీధి చివర వినబడగానే హేమ పెరట్లోకి పరుగెత్తింది.

పెరట్లో మిషను ఉంది. నీళ్ళని మెత్తబరిచే మిషను. విజయనగరంలో ఒక లాడ్జీ మూసేస్తుంటే ధనరాజు పాతది కొని వ్యానులో వేసుకొచ్చాడు. మనిషెత్తు నీలం సిలిండరు, దాని నెత్తిన తిప్పే పిడి, పక్కన ఉప్పు డ్రమ్ము. వీళ్ళ బోరు నీళ్ళకి కందిపప్పు మూడు గంటలు ఉడికించినా రాళ్ళలా ఉండేది. సబ్బు నురగ రాదు. గిన్నెలకి సున్నం పెచ్చు కట్టేది. మిషను పెట్టి రెండు నెలలైంది. పప్పు ఉడికింది, నురగ వచ్చింది, ఇరుగుపొరుగు వచ్చి చూసి ముక్కు మీద వేలేసుకున్నారు.

"ఏటైనాది సెల్లెమ్మా?" అన్నాడు గోపి, పానా తీస్తూ.

"ఈ మిషనులోకి ఉప్పు పోస్తాం కదా. ఆ ఉప్పు మనం తాగే నీళ్ళలోకి వస్తాదా?"

గోపి నవ్వాడు. "కూసింత వస్తాది, అది పెద్దగా తెలీదు. పది దినాలకోసారి ఉప్పునీళ్ళు ఎక్కించి కడుగుతారు కదా, ఆ కడిగిన నీళ్ళు మాత్రం కాలవలోకి పోవాల. అరగంట పోవాల. మొదటి దినమే పిన్నికి సెప్పినాను." అంటూ సిలిండరు వెనక్కి వెళ్ళాడు. వెళ్ళినవాడు అక్కడే ఆగిపోయాడు.

కాలవలో ఉండాల్సిన గొట్టం కాలవలో లేదు. గోడవార పాకి, జామచెట్టు చుట్టూ తిరిగి, వంటింటి గుమ్మం పక్కన ఉన్న గోలెంలో దిగింది. సిమెంటు గోలెం అది. తాగడానికీ వండడానికీ ఆ ఇంట్లో నీళ్ళు ముంచేది అందులోంచే.

"ఈ గొట్టం ఇలాగ ఎవులు తిప్పినారు?" అన్నాడు గోపి.

హేమ అత్త వైపు చూసింది. కూర్మమ్మ పెరటి గుమ్మం దాకా వచ్చి వింటోంది. ఆమె మొహంలో బెదురు లేదు. పైగా కాస్త దర్పం కూడా ఉంది.

"నానే తిప్పినాను. ఏటి?"

"పిన్నీ, కాలవలోకి పోవాలని సెప్పినాను కదా."

"సెప్పినావు. అరగంట సేపు మంచినీళ్ళు మురుక్కాలవలోకి పోతంటే సూస్తా కూకోవాలేటి నాను? మొదట వచ్చిన ఉప్పునీళ్ళు నా సేపల తొట్టిలోకి పట్టినాను. ఒక సరుకు ఊరబెట్టిన ఉప్పునీళ్ళే నాను పారబొయ్యను, రెండో సరుక్కి దాస్తాను. ఉప్పు పోయిందాకా తొట్టిలోకే పట్టినాను. పోయినాక గోలెంలో ఎట్టినాను. ఓసారి నిండితే మళ్ళీ కడిగీదాకా అవే వాడతాం."

"పోయిందని నీకెలా తెలిసినాది?"

కూర్మమ్మ వాడి వైపు చూసిన చూపు చూడాలి. ఆ ఊళ్ళో ఆ ప్రశ్న ఆమెను అడిగిన మగాడు ఇంతవరకూ లేడు. పన్నెండో ఏట నుంచీ చేపలకి ఉప్పు పట్టిస్తోంది. తొట్టిలో వేలు ముంచి నాలుకకి తాకించి, ఇంకో రెండు దోసిళ్ళు పడాలి అని చెబితే, అది తూచినట్టే. ఎండుచేపల బేరగాళ్ళు కూర్మమ్మ సరుకు అంటే మారు మాట్లాడరు. మిషను వచ్చిన రోజున ఉప్పు పని నాకొదిలీండి అని ఆమె అంటే ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పకపోవడం అందుకే.

"నా నాలిక్కి తెలీని ఉప్పు ఉంటాదేట్రా?" అంది.

గోలెం దగ్గరికి వెళ్ళి వేలు ముంచింది. నాలుకకి రాసుకుంది. "సప్పగా ఉన్నాది. నువ్వు సూడు."

గోపి కూడా వేలు ముంచి చూశాడు. వాడూ ఆ ఊరివాడే. సముద్రానికి కూతవేటు దూరంలో పుట్టి, ఆ బావుల నీళ్ళే తాగి పెరిగాడు. "నాకేటీ తెలవట్లేదు," అన్నాడు తల గోక్కుంటూ.

హేమకి ఒళ్ళు మండింది. "నేను చెప్పలేదూ? మిషను పెట్టిన కొత్తలోనే టీ ఉప్పగా ఉందని చెప్పాను. నువ్వూ నీ కొడుకూ పడీ పడీ నవ్వారు. సీపురుపల్లి నాలిక, కొబ్బరినీళ్ళు తప్ప దిగవు అన్నారు. ఇంక నేను నోరు మూసుకున్నాను."

"ఇప్పుడు దొరికినాదేటి నీకు సాకు? ఇంత సేపూ ఉప్పెయ్యలేదన్నావు, ఇప్పుడు నీళ్ళలో ఉన్నాదంటన్నావు."

హేమ చెంబుతో గోలెంలో నీళ్ళు ముంచింది. వంటింట్లోకి వెళ్ళి, తోమి బోర్లించిన మూకుడు స్టవ్వు మీద పెట్టి, చెంబుడు నీళ్ళూ అందులో పోసి మంట పెద్దది చేసింది. తరవాత దాని ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

"ఏటి సేస్తన్నావు?"

"నీళ్ళు ఇగరబెడుతున్నాను."

మూకుడులో నీళ్ళు మరుగుతున్నాయి. గోపి గుమ్మంలో నిలబడి లోపలికీ బైటికీ చూస్తున్నాడు, వెళ్ళిపోతే బాగుణ్ణని వాడికి ఉంది. కూర్మమ్మ కొంగు నడుంకి దోపుకుంది, మళ్ళీ తీసింది.

నీళ్ళు సగానికి వచ్చేసరికి వీధిలో ఆటో ఆగింది. హేమ తండ్రి నారాయణమూర్తి దిగాడు. ఆమదాలవలసలో రైలు దిగి ఆటో మాట్లాడుకుని వచ్చాడు. చీపురుపల్లి సంతలో ఎండుచేపల కొట్టు ఆయనది, కూర్మమ్మ సరుకు అమ్మీ అమ్మీ ఆ పరిచయంతోనే కూతుర్ని ఈ ఇంటికిచ్చాడు. అరుగు మీద సూట్‌కేసు చూడగానే ఆయన కాళ్ళు అక్కడే నిలిచిపోయాయి.

"ఏటొదినా ఇది? నా కూతురేటి సేసినాది?"

ఎంత కోపమున్నా వియ్యంకుడు గుమ్మంలోకి వచ్చాక నీళ్ళివ్వకుండా మాట్లాడడం ఆ ఇంటి పద్ధతి కాదు. కూర్మమ్మ గోలెంలో గ్లాసు ముంచి తెచ్చి చేతికిచ్చింది.

"ముందు నీళ్ళు తాగన్నయ్యా. సెప్తాను."

నారాయణమూర్తి ఎండన పడి వచ్చాడు. గ్లాసు ఎత్తి ఒక గుక్క పోసుకున్నాడు. పోసుకున్న గుక్క మింగలేదు. బుగ్గలు ఉబ్బించుకుని అటూ ఇటూ చూసి, అరుగు కిందికి వంగి ఉమ్మేశాడు.

"ఉప్పునీళ్ళు ఇచ్చినావేటొదినా? కోపముంటే తిట్టు, పడతాను. ఇదేటి పని?"

కూర్మమ్మ ఆయన చేతిలోని గ్లాసు వంక చూసింది. ఆయన హేమతో మాట్లాడలేదు, గోపీతో మాట్లాడలేదు. ఆటో దిగి నేరుగా వచ్చిన మనిషి. ఆయన చేత ఎవరూ చెప్పించలేదు.

"అత్తా, ఇలా రా," అని వంటింట్లోంచి హేమ పిలిచింది.

మూకుడులో నీళ్ళు ఇగిరిపోయాయి. అడుగునంతా తెల్లగా పొరకట్టింది. హేమ స్టవ్వు కట్టేసి పట్టకారుతో మూకుడు దించి గట్టు మీద పెట్టింది.

"గిన్నెలకి తెల్ల పెచ్చు కట్టడం మనింట్లో కొత్తా?" అంది కూర్మమ్మ. గొంతు మాత్రం మునుపటి గొంతు కాదు.

"అది సున్నం పెచ్చు, గీరితే రాదు. దీన్ని నోట్లో వేసుకుని చూడు. నీ నాలికే కదా, నువ్వే చెప్పు."

కూర్మమ్మ మూకుడు చల్లారేదాకా కూడా ఆగలేదు. బొటనవేలి గోరుతో గీరింది. పొర సుళువుగా లేచి వచ్చింది. నాలుక మీద వేసుకుంది.

ఇంక ఆమెకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. నలభై ఏళ్ళుగా ఎరిగిన రుచి అది. నీళ్ళలో పల్చగా కలిసి రోజూ గొంతు దిగుతున్నప్పుడు పట్టుకోలేకపోయింది గానీ, ముద్దగా నాలుక మీద పడ్డాక ఎలా పోల్చుకోదు? ఆమె గట్టు పట్టుకుని నెమ్మదిగా కిందికి జారి కూర్చుంది.

"రెండు నెల్లు," అంది. "రెండు నెల్లు తాగించినాను. నా సేత్తోనే."

వెనకే వంటింట్లోకి వచ్చిన నారాయణమూర్తి ఏమీ అర్థం కాక గోపి వైపు చూశాడు. గోపి మూడు ముక్కల్లో చెప్పాడు. మిషను, గొట్టం, గోలెం. నూకయ్య లోపలికి పోయిన ఉప్పు కూరలోది కాదు, నీళ్ళలోది.

హేమకి గెలిచినట్టు అనిపించలేదు. తన మీద పడ్డ నింద పోయిందన్న సంగతి తలకెక్కేలోగానే ఇంకో సంగతి తలకెక్కింది.

"అత్తా, పొద్దున్న మీ అబ్బాయి ఆసుపత్రికి వెళ్తూ ఏం పట్టుకెళ్ళాడు?"

కూర్మమ్మ తలెత్తింది.

"సీసాతో నీళ్ళు పట్టికెళ్ళాడు కదా?"

"పట్టికెళ్ళినాడు," అంది కూర్మమ్మ. "ఆసుపత్రి నీళ్ళు ఆయనకి సయించట్లేదంట. ఇంటి నీళ్ళే కావాలన్నాడంట. అయిదు దినాలై... దినానికో సీసా..."

వంటింట్లో నలుగురున్నారు. నలుగురికీ ఒక్కసారే అర్థమైంది. డాక్టరు ఒక పక్క నీళ్ళు లాగే మందులెక్కిస్తుంటే, ఇంకో పక్క ఇంటినించి ఉప్పు సీసాల్లో వెళుతోంది. మందులు పనిచెయ్యట్లేదంటే ఎలా పనిచేస్తాయి?

"ఫోను సెయ్యి పిన్నీ," అన్నాడు గోపి. "బేగి సెయ్యి."

కూర్మమ్మ ఫోను చెవి దగ్గర పలకదు, స్పీకరు నొక్కితేనే వినబడుతుంది. గోపి ధనరాజు నంబరు నొక్కి ఆమె చేతిలో పెట్టాడు. అయిదారు సార్లు మోగాక ఎత్తింది ధనరాజు కాదు.

"ఏటే కూర్మీ," అన్నాడు నూకయ్య. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు. "ఆడు మందుల సీటీ ఒట్టుకుని కిందకెల్లినాడు."

"నానంపిన నీళ్ళు తాగినావా?"

"ఆ... కొంచిం."

"ఇంక తాగకు. అందులో ఉప్పున్నాదంట."

అవతల ఎవరో నర్సు ఎవరినో పిలుస్తున్న గొంతు వినబడింది.

"ఎవులు సెప్పినారు?" అన్నాడు నూకయ్య.

"గోపి వచ్చి సూసినాడు. మిషను కడిగిన నీళ్ళు గోలెంలోకి పోతన్నాయి. గొట్టం..." కూర్మమ్మ ఒక్క క్షణం ఆగింది. కోడలి వైపు గానీ, గోపి వైపు గానీ, వియ్యంకుడి వైపు గానీ చూడలేదు. "గొట్టం హేమ ఎట్టేసినాది. తెలీక ఎట్టేసినాది."

గోపి నోరు తెరుచుకుని ఉండిపోయాడు. నారాయణమూర్తి కూతురి వైపు చూశాడు.

హేమకి తను విన్నది నిజమా కాదా అన్న అనుమానం వచ్చింది. ఇంకా అరగంట కాలేదు, నానే తిప్పినాను ఏటి అని ఇదే మనిషి ఇదే నోటితో అంది. ఇద్దరు విన్నారు. అయినా ఎంత తేలిగ్గా అనేసింది! అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని ఊరికే అన్నారా? హేమకి కోపం కూడా రాలేదు.

"ఆ ఆడగుంట మీద ఎట్టకే," అన్నాడు ఫోనులో నూకయ్య. "గొట్టం నువ్వు తిప్పినావు. జాంచెట్టు కింద కుర్సీలో కూకుని నాను సూస్తనే ఉన్నాను."

కూర్మమ్మ గుడ్లప్పగించి ఫోను వంక చూసింది.

"ఉప్పున్నాదని కూడా నాకు ఎరికే. మొదటి దినమే ఎరిక. మీరు ఉప్పుకారాలు తినీవోళ్ళు, మీకు తెలీదు. సప్పిడి కూడు తినీవోడికి తెలస్తాది." ఆయన ఆగి ఊపిరి తీసుకున్నాడు. "నాలుగు నెల్లై నోట్లో మన్ను ఎట్టుకున్నట్టున్నాది నాకు. ఆ నీళ్ళు గొంతులో పడితే పేనం లేసొచ్చినట్టుండీది. మంచిదే అనుకున్నాను. నాను అడిగినా మనింటోలు ఉప్పెయ్యనేదు, అదే వచ్చినాది అనుకున్నాను. అందుకే ఇక్కడికీ పంపమన్నాను."

హేమ వంగి కూర్మమ్మ చేతిలోంచి ఫోను తీసుకుంది. అత్త అడ్డుపెట్టలేదు.

"మావా."

"సెప్పు తల్లీ."

"నేను కూరలో ఉప్పేశానని నన్ను ఇంట్లోంచి పంపేస్తున్నారు. మా అయ్య తీసుకెళ్ళడానికి వచ్చాడు. ఈ సంగతి మీ కొడుకు నీకు చెప్పలేదా?"

"సెప్పినాడు. నిన్న సాయంత్రం సెప్పినాడు."

"నువ్వేమన్నావు?"

ఊపిరి చప్పుడు ఒక్కటే వినబడుతోంది.

"ఏటీ అన్నేదమ్మా."

"ఎందుకనలేదు మావా?" హేమ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "నీకు నేనేం తక్కువ చేశాను? నీ గిన్నె నీ గరిటె వేరే తోమి వండాను. నువ్వు చిటికెడు అడిగితే నీ ప్రాణానికి భయపడి వెయ్యలేదు, లోపలికెళ్ళి ఏడ్చాను. ఒక్క మాట అంటే అయిపోయేది కదా. ఆ గుంట ఎయ్యలేదురా అని ఒక్క మాట."

"అంటే మరి ఎక్కడ్నించి వచ్చినాదని అడుగుతారు. నీళ్ళని సెప్పాల. సెప్తే సీసా ఆపీస్తారు కదా తల్లీ."

నారాయణమూర్తి గోడకి ఆనుకుని కూలబడ్డాడు. కూర్మమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. హేమకి ఏడుపు ఆగిపోయింది. ఇంత చిన్న విషయానికి ఒక మనిషి ఇంకో మనిషి కాపరం వదిలేస్తాడా అని ఆమె బుర్ర తిరిగిపోతోంది. ఆ విషయం ఆ మనిషికి చిన్నది కాదని కూడా తెలుస్తోంది, అదే ఆమెని ఎక్కువ భయపెట్టింది.

"అమ్మా హేమా," అన్నాడు నూకయ్య. గొంతు బాగా తగ్గించాడు. "ఇంకా సగం సీసా ఉన్నాది. ఆడు పైకి వచ్చీలోగా సెప్పు. తాగీమంటావా, పారబొయ్యమంటావా? నువ్వెలాగంటే అలాగే సేస్తాను. నీకు నాను బాకీ."

వంటింట్లో ముగ్గురూ హేమ వైపు తిరిగారు. ఈ రెండు రోజుల్లో ఆ ఇంటివాళ్ళు నువ్వేమంటావని ఆమెను అడగడం ఇదే మొదటిసారి. పారబొయ్యి మావా అనాలని ఆమెకి తెలుసు. నోరు తెరిచింది. మాట బైటికి రావడానికి ఆలస్యమైంది, ఆ ఆలస్యం అందరూ చూశారు. అవతల ఫోనులో సీసా మూత తిరుగుతున్న చప్పుడు వినబడింది.